తిరుపతి ఎండలో రెడ్ వైన్ పదేళ్లు దాచొచ్చా?

అలిపిరి మెట్టు
మా బావ ఫ్రాన్స్ నుంచి వస్తూ రెండు రెడ్ వైన్ సీసాలు తెచ్చాడు. రెండూ ఒకటే రకం: బోర్డో ప్రాంతం, పొయాక్ ఊరిది, 2016 పంట. "ఇప్పుడే తాగొద్దు, ఇంకో పదేళ్లు దాచు, అప్పుడు చూడు మజా" అని చెప్పి వెళ్లిపోయాడు. చెప్పడానికేం, ఆయనుండేది చలిదేశం. మా ఇల్లు తిరుపతిలో, పైన మిద్దె తప్ప ఇంకేం లేదు. మే నెలలో ఫ్యాను కూడా వేడిగాలే కొడుతుంది. ప్రస్తుతానికి బీరువాలో చీరల కింద పెట్టాను. మన జిల్లాలో ఎవరైనా దాచి చూసినవాళ్లుంటే చెప్పండి. ఇంకో సంగతి, రెడ్ వైన్ రుచి నాకు పెద్దగా తెలీదు. ఒకసారి తాగితే నాలుకంతా పట్టేసినట్టయింది.

కుప్పం ఎక్స్‌ప్రెస్
అన్నా, ముందు దాన్ని బీరువాలోంచి తియ్యి. వైన్ దాచాలంటే 12 నుంచి 14 డిగ్రీలు ఉండాలి, అదీ ఏడాది పొడుగునా ఒకేలా. పగలు 38, రాత్రి 28 అని రోజూ ఊగుతుంటే వేడికి లోపలి వైన్ పొంగి కార్కును పైకి తోస్తుంది, చల్లబడినప్పుడు గాలి లోపలికి పోతుంది. ఇప్పుడే ఒకసారి చూడు: కార్కు మూతికి సమంగా ఉందా, ఉబ్బిందా? మూతి మీది రేకు కింద జిగటగా ఉందా? సీసాను నిలబెడితే వైన్ మెడ దాకా ఉందా, భుజం దాకా దిగిందా? ఈ మూడూ బాగుంటే ఇంకా ప్రాణం ఉన్నట్టే.

నగరి నేత
నాకో డౌటు. వేడికి వైన్ తొందరగా పక్వానికి వస్తుందని అంటుంటారు కదా, అలాంటప్పుడు పదేళ్లది మూడేళ్లలోనే అయిపోతుంది, మనకి లాభమేగా? మామిడికాయల్ని గడ్డిలో మగ్గబెట్టినట్టు.

హార్స్‌లీ మబ్బు
నగరి నేత గారూ, మామిడికాయ లెక్క ఇక్కడ పనికిరాదు. (మదనపల్లెలో కెమిస్ట్రీ చెప్తాను, కాస్త పాఠంలా ఉంటే ఓర్చుకోండి.)

రెడ్ వైన్‌లో వగరు టానిన్లనే పదార్థాల వల్ల వస్తుంది. ద్రాక్ష తొక్క, గింజ, ఓక్ చెక్క పీపా, ఈ మూడింటి నుంచి అవి వైన్‌లోకి దిగుతాయి. మన లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకుంటాయి కాబట్టి నోరు ఎండినట్టవుతుంది. అలిపిరి మెట్టు గారికి నాలుక పట్టేసింది అందుకే. కాబెర్నే సావిన్యాన్ ద్రాక్షది చిన్న పండు, మందం తొక్క, అందుకే టానిన్లు ఎక్కువ. పొయాక్ వైన్లలో ముఖ్యంగా వాడేది దాన్నే. ఏళ్లు గడిచేకొద్దీ ఈ టానిన్లు ఒకదానికొకటి, రంగు పదార్థాలతోనూ గొలుసులా అతుక్కుంటాయి. బరువెక్కినవి సీసా అడుగున మడ్డిగా దిగుతాయి. ఊదా ఎరుపు పోయి ఇటుక రంగు వస్తుంది. తాజా పండ్ల వాసన తగ్గి తోలు, పొగాకు, తడిమట్టి లాంటి వాసనలు పైకొస్తాయి.

వేడి పెరిగితే ఇవన్నీ వేగం అందుకుంటాయి, కానీ అన్నీ ఒకే మోతాదులో కాదు. పండ్ల వాసనను చంపే చర్యలు, ఆక్సీకరణ ముందు దూకేస్తాయి. వగరు మెత్తబడేలోపే ఉడికిన ఎండుద్రాక్ష వాసన వచ్చి కూర్చుంటుంది. 28 డిగ్రీల్లో మూడేళ్లు ఉంచిన వైన్, 13 డిగ్రీల్లో పదేళ్లు ఉంచిన వైన్, రెండూ ఒకటి కావు.

కాణిపాకం బస్సు
ఏందబ్బా ఇంత సైన్సు. మా ఊర్లో ఎండిపోయిన బావి ఉండాది, రాతికట్టు, లోపల చల్లగా ఉంటాది. దాంట్లో గూడు కట్టి పెట్టేస్తే సరిపోదా? ఫ్రాన్సులో కూడా నేలమాళిగలేగా.

హార్స్‌లీ మబ్బు
కొన్ని మీటర్ల లోతున నేల ఉష్ణోగ్రత ఆ ఊరి ఏడాది సగటుకి దగ్గరగా ఉంటుంది. బోర్డోలో ఆ సగటు 13, 14 డిగ్రీలు. అక్కడ గొయ్యి తవ్వినా సెల్లారే. మనకి సగటే 28 దరిదాపుల్లో ఉంటుంది. తెల్లారుజామున బోరు వేసి నీళ్లు చేత్తో పట్టి చూడండి, గోరువెచ్చగా తగుల్తాయి. బావి మే నెల ఎండ దెబ్బ తప్పిస్తుంది, అంతవరకే. హార్స్‌లీ హిల్స్ 1,265 మీటర్ల ఎత్తు, అక్కడైతే కొంత నయం. అక్కడ కూడా ఎండాకాలంలో మామూలు గది 14 డిగ్రీలకి దిగదు.

పీలేరు రోడ్డు
మాటలు చాలు, మెషీన్ సంగతి చెప్తా. వైన్ కూలర్లు రెండు రకాలు. ఒకటి థర్మోఎలక్ట్రిక్. చప్పుడు చెయ్యదు, అదురు ఉండదు, రేటు తక్కువ. కానీ బయట ఎంత వేడి ఉందో దానికంటే ఓ 10, 15 డిగ్రీలు మాత్రమే తగ్గించగలదు. హాల్లో 38 ఉంటే లోపల 24. మా ఇంట్లో ఉన్నది అదే, ఏప్రిల్ వస్తే అలంకారం కింద లెక్క. మన జిల్లాలో రెండో రకం, అంటే ఫ్రిజ్‌లో లాగా కంప్రెసర్ ఉండేదే కొనాలి, స్టెబిలైజర్ తప్పనిసరి. కరెంటు పోయినప్పుడు తలుపు తియ్యకుండా ఉంటే ఒకట్రెండు గంటలకి ఏమీ కాదు.

మామూలు ఫ్రిజ్ గురించి అందరూ అడుగుతారు. లోపల 4 డిగ్రీలు, గాలి పొడిగా ఉంటుంది. కొన్ని నెలలకి పర్వాలేదు, బీరువా కంటే వెయ్యి రెట్లు మేలు. ఏళ్ల తరబడి అయితే కార్కు ఎండిపోతుంది. అడ్డంగా పడుకోబెట్టి, తడిపి పిండిన గుడ్డ చుట్టి, కూరగాయల డబ్బాలో పెట్టండి.

చంద్రగిరి కోట
రెండు సీసాలున్నాయి కదా తమ్ముడూ, ఇంకేం కావాలి. ఒకటి తెరువు. తాగకుండా దాచే విషయం తేలదు.

సీసాను ముందురోజు నుంచే నిలబెట్టు, మడ్డి ఉంటే అడుగుకి దిగుతుంది. గది వేడికి తాగమని పుస్తకాల్లో రాసేది చలిదేశపు గదిని చూసి. మన గదిలో 32 డిగ్రీలుంటే స్పిరిట్ ఘాటు తప్ప ఏమీ తెలీదు. 16 నుంచి 18 డిగ్రీలు ఉండాలి, ఆ చల్లదనం వచ్చేదాకా ఫ్రిజ్‌లో పెట్టి తియ్యి. మెల్లగా వెడల్పాటి గాజు జగ్గులోకి వంచు, మడ్డి మెడ దగ్గరికి రాగానే ఆపు.

గ్లాసులో మూడో వంతే పొయ్యి. తిప్పకుండా ఒకసారి వాసన చూడు, తిప్పి ఇంకోసారి చూడు. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే కార్కు చెడింది, దానికి మందు లేదు. గ్లాసు గోడల మీద జారే చారలు చూసి మురిసిపోవద్దు, అవి ఆల్కహాల్ ఎంతుందో చెప్తాయి, వైన్ ఎంత మంచిదో చెప్పవు. చిన్న గుక్క తీసుకుని చిగుళ్ల దాకా తిప్పు. నేరేడుపండు తిన్నాక వచ్చే వగరు తెలుసుగా, అది చిగుళ్ల మీద ఎంత గట్టిగా పడుతుంది, మింగాక పండు రుచి ముందు పోతుందా, వగరు ముందు పోతుందా చూడు. పండే ఎక్కువసేపు నిలిస్తే ఇంకా ఏళ్లున్నట్టు. వగరే మిగిలి పండు మాయమైతే దాచి లాభం లేదు.

అసలు పరీక్ష రెండో రోజు. సగం మిగిల్చి, మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచి మర్నాడు తాగు. నిన్నటికంటే బాగుంటే రెండో సీసా దాచు. చప్పబడితే ఆ వారమే తాగెయ్యి.

నగరి నేత
అక్కా, పక్కన ఏం తినాలి? సంగటి, నాటుకోడి పులుసు?

చంద్రగిరి కోట
మన కారం పులుసుతో వద్దు. ఇలాంటి వైన్‌లో 13, 14 శాతం ఆల్కహాల్ ఉంటుంది, మిరపకాయ మంట దానికి తోడైతే నోట్లో నిప్పే. కొవ్వున్న పొట్టేలు మాంసం, ఎండుమిరప తగ్గించి మిరియాలతో వేపుడు చెయ్యి. మాంసం ప్రోటీన్లు టానిన్లను పట్టేస్తాయి, వగరు సగం దిగుతుంది. షిరాజ్ రకం ద్రాక్షతో చేసిన వైన్ అయితే మిరియాలకి ఇంకా బాగా కలుస్తుంది. మిరియంలో ఉండే రోటుండోన్ అనే పదార్థమే షిరాజ్‌లోనూ ఉంటుంది.

కుప్పం ఎక్స్‌ప్రెస్
అసలు దాచాలనే కోరిక ఎందుకో నాకర్థం కాదు. దుకాణాల్లో దొరికే వైన్లలో ఎక్కువ భాగం కొన్నేళ్లలో తాగడానికి చేసినవే. పాతది తాగాలనుంటే తయారుచేసేవాళ్లే దాచి అమ్మేది కొనుక్కోవచ్చు. స్పెయిన్ రియోహా ప్రాంతంలో సీసా మీద 'గ్రాన్ రిజర్వా' అని రాయాలంటే రెడ్ వైన్‌ను ఐదేళ్లు ఉంచి తీరాలి, అందులో కనీసం రెండేళ్లు ఓక్ పీపాలో. ఇటలీ బరోలో వైన్‌కి 38 నెలలు. ఆ చలి ఖర్చేదో వాళ్లే పెట్టుకుంటారు.

మనవాటిలో నంది హిల్స్ దగ్గరి గ్రోవర్ కంపెనీ వాళ్ల లా రిజర్వ్ అనే రెడ్ వైన్ ఉంది, కాబెర్నే, షిరాజ్ కలిపి చేస్తారు. హంపి కొండల దగ్గర క్రిస్మా తోట మన తెలుగువాళ్లదే, హైదరాబాద్‌కి చెందిన ఉమ, కృష్ణప్రసాద్ చిగురుపాటి దంపతులది. వాళ్ల కాబెర్నేలో దమ్ముంది. బెంగళూరు నుంచి తెచ్చుకునేవాళ్లు చెక్‌పోస్టు రూల్స్ కనుక్కుని బయల్దేరండి.

పీలేరు రోడ్డు
ఇంకోటి. కొండ మీద మద్యం పూర్తిగా నిషేధం. బావ తెచ్చిన సీసా కారు డిక్కీలో మర్చిపోయి దర్శనానికి బయల్దేరొద్దు, అలిపిరిలో తనిఖీ ఉంటుంది.

అలిపిరి మెట్టు
ఒకటి తెరిచాను. కార్కు సమంగానే ఉంది, కింది కొస మాత్రమే ఎర్రగా తడిసింది. రంగు మధ్యలో నల్లెరుపు, గ్లాసు వంచితే అంచున కాస్త ఇటుక ఛాయ. మొదటి రోజు పెన్సిల్ చెక్కినప్పటి వాసన తప్ప నాకేం తెలీలేదు, వగరు చిగుళ్లని పట్టేసింది. మా ఆవిడ ఒక గుక్క తాగి "కషాయం" అని గ్లాసు పక్కన పెట్టింది. రెండో రోజు ఫ్రిజ్‌లోంచి తీసి కాసేపు ఆగాక తాగితే నల్లద్రాక్ష వాసన వచ్చింది, వగరు ఉంది కానీ గరుకు తగ్గింది. మింగాక చాలాసేపు నోట్లో నిలిచింది. మిరియాల వేపుడు సలహాకి చంద్రగిరి అక్కకి థ్యాంక్స్, ఈసారి ఆవిడ కూడా అరగ్లాసు తాగింది.

అంటే రెండోది దాచొచ్చనేగా? కంప్రెసర్ కూలర్ ఒక్క సీసా కోసం కొనడం దండగ అనిపిస్తోంది.

కుప్పం ఎక్స్‌ప్రెస్
దండగే. బెంగళూరులో కూలర్ ఉన్న స్నేహితుడెవరైనా ఉంటే అక్కడ పెట్టించు. తీసుకెళ్లేటప్పుడు థర్మోకోల్ పెట్టెలో ఐసు ప్యాకులు వేసి, రాత్రి బండికి వెళ్లు. లేదంటే ఫ్రిజ్‌లో గుడ్డ చుట్టి పెట్టి సంక్రాంతికి తెరిచెయ్యి.

చంద్రగిరి కోట
స్నేహితుడి దగ్గర పెడితే సీసా మీద నీ పేరు రాసి పెట్టు తమ్ముడూ.