ఫాల్గుణంలో ఆదివారం రైడ్లు: అందరం కలిసి వెళ్లాలా, రెండు జట్లుగా విడిపోవాలా?

ప్రశ్న పెట్టిన సభ్యుడు (శ్రీకాకుళం పట్టణం):
మన సైకిల్ క్లబ్బు ఆదివారం రైడ్లను ఈ ఫాల్గుణం నుంచి వేగాన్ని బట్టి రెండుగా విడదీయాలన్న ప్రతిపాదన మీద మొన్నటి సమావేశంలో ఏకాభిప్రాయం కుదరలేదు కాబట్టి ఇక్కడ చర్చకు పెడుతున్నాను. వేగంగా తొక్కేవారు జాతీయ రహదారి మీద నరసన్నపేట వైపు, మిగిలినవారు అరసవల్లి, గార మీదుగా కళింగపట్నం వైపు వెళ్లాలన్నది ఆ ప్రతిపాదన. దీనికి నేను వ్యతిరేకిని. పొగమంచు తగ్గి, ఎండ ఇంకా ముదరని ఈ కొద్ది వారాలే మన జిల్లాలో సైకిలుకు అనువైన కాలం. ఏప్రిల్ వస్తే ఉదయం ఎనిమిదికే ఉక్కపోత మొదలై సగం మంది రావడం మానేస్తారు. కొత్తగా చేరినవారు నిలదొక్కుకునేదీ ఈ వారాల్లోనే. సరిగ్గా అప్పుడే అనుభవం ఉన్నవారు రహదారి ఎక్కి వెళ్లిపోతే, పంచరు వేయడం, గేరు ఎప్పుడు మార్చాలో తెలుసుకోవడం వారికి ఎవరు నేర్పుతారు?

ఆమదాలవలస సభ్యుడు:
ప్రతిపాదన పెట్టినవారిలో నేనూ ఉన్నాను. మాలో కొందరం 200 కిలోమీటర్ల బ్రెవేకు, అంటే నిర్ణీత గడువులో పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ రైడుకు, సిద్ధమవుతున్నాం. దానికి ఇచ్చే గడువు 13 గంటల 30 నిమిషాలు. టిఫిను, పంచరు, చెట్టు కింద కూర్చోవడం అన్నీ ఆ గడువులోనే జరగాలి. కళింగపట్నం పోను రాను సుమారు 50 కిలోమీటర్లే అయినా, ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం అవుతోంది. గారలో టీ, లైట్‌హౌస్ దగ్గర ఫొటోలు, ఆపైన ఇడ్లీల కోసం ఎదురుచూపు. ఈలోగా పొద్దెక్కి తిరుగు ప్రయాణం మరింత నెమ్మదిస్తుంది. కలిసి తినడం మాకు ఇష్టం లేక కాదు, కానీ అదే రైడుగా మారిపోయిందన్నది మా బాధ.

గార మండలం సభ్యురాలు:
గడువు గురించి అన్నగారు చెప్పినది నిజమే, కానీ లెక్క వేస్తే అది ఆయన వాదనకే అడ్డు వస్తుంది. 200 కిలోమీటర్లను పదమూడున్నర గంటలతో భాగిస్తే గంటకు 15 కిలోమీటర్లు కూడా రాదు. అంటే బ్రెవేకు కావలసినది రహదారి మీద దూసుకుపోవడం కాదు, తక్కువ సేపు ఆగి మళ్లీ ఎక్కడం. ఆ అలవాటు కళింగపట్నం రోడ్డు మీదా చేసుకోవచ్చు.

అసలు సంగతి వేరే ఉంది. వరి కోసిన మళ్లలో వేసిన మినుము, పెసర మా ఊళ్లలో ఇప్పుడే ఇంటికి వస్తాయి. కళ్లాలు చాలని రైతులు పంటను తారు రోడ్డు మీదే పరిచి, వచ్చే పోయే వాహనాల చేత నూర్పిస్తారు. ఆ పద్ధతి మంచిదని నేను అనను. అయినా సన్న టైరుతో ఆ మోడుల మీదికీ రాలిన గింజల మీదికీ వేగంగా వెళితే సైకిలు జారుతుంది, పైగా పక్కనే చీపురు పట్టుకుని ఆడవాళ్లు వంగి ఉంటారు. మొన్న మన జట్టు ఈలలు వేసుకుంటూ ఆ పంట మీదుగా దూసుకుపోతే, సాయంత్రం మా వీధివాళ్లు వచ్చి నన్ను నిలదీశారు. కాబట్టి మా దారిలో వచ్చేవారు ఎవరైనా, వేగం గలవారైనా సరే, పంట కనిపించిన చోట దిగి నడిపించుకుని వెళ్లాలన్న నియమం ముందు పెట్టండి. జట్లు ఒకటా రెండా అన్నది ఆ తరువాతి మాట.

రహదారి గురించి ఒక్క ముక్క: అంచున నిలిపి ఉంచిన లారీలు, ఎదురు దిశలో వచ్చే మోటారు సైకిళ్లు ఉన్న చోట, తెల్లవారుజామున వెనుక దీపం లేకుండా ఎవరినీ పంపకండి.

టెక్కలి సభ్యుడు:
రెండు పక్షాలకూ సరిపోయే రైడు ఒకటి ఉంది. టెక్కలి దగ్గరి మా తేలినీలాపురం ఊళ్లో పెలికాన్లు, పెయింటెడ్ స్టార్కులనే కొంగలు చెట్ల మీద పిల్లలను సాకుతున్న కాలం ఇది. ఏప్రిల్ దాటితే చెట్లు ఖాళీ. వేగం కావలసినవారు సైకిలు మీద, మిగిలినవారు బస్సులో టెక్కలి వరకు వచ్చి అక్కడ కలుసుకోవచ్చు. ఊరివాళ్లు ఆ పక్షుల రాకను శుభంగా భావించి కాపాడుకుంటున్నారు కనుక ఈలలు, స్పీకరు పాటలు మాత్రం అక్కడ కుదరవు.

ఆమదాలవలస సభ్యుడు:
తేలినీలాపురానికి నేను సిద్ధం. పంట నియమానికీ అభ్యంతరం లేదు. అయితే నెలలో ఒక్క ఆదివారమైనా మాకు ఆగకుండా తొక్కే అవకాశం ఉండాలి. శాలిహుండం కొండ ఎక్కి, 1919లో గిడుగు రామమూర్తి గారు వెలుగులోకి తెచ్చిన బౌద్ధ స్థూపాలను చూడడం ఎవరికి చేదు? కానీ ప్రతి వారం అదే అయితే కాళ్లకు సాధన ఎక్కడ?

ప్రశ్న పెట్టిన సభ్యుడు (శ్రీకాకుళం పట్టణం):
అలాగైతే ఓటుకు ఇలా పెడుతున్నాను. నెలలో మూడు ఆదివారాలు అందరం కలిసి, గారలో ఒకే ఒక్క టీతో కళింగపట్నం, శ్రీకూర్మం లేదా శాలిహుండం వెళ్దాం. నాలుగో ఆదివారం వేగం జట్టు రహదారి మీద వెళ్లవచ్చు, కానీ వారిలో ఒకరు వంతుల వారీగా పంపు, ప్యాచీలు పట్టుకుని కొత్తవారి వెనుక ఉండాలి. ఈ ఆఖరి షరతు లేకపోతే నా ఓటు పడదు.

గార మండలం సభ్యురాలు:
నేను అనుకూలం. బయలుదేరే వేళ కూడా అందులో రాయండి. ఫిబ్రవరి మధ్యలో ఆరుంపావు దాటాక వచ్చే పొద్దు, మార్చి నెలాఖరుకు ఆరు కాకముందే వస్తుంది కాబట్టి ఒకే వేళ పనికిరాదు. ఆదివారాల్లో అరసవల్లి గుడి దగ్గర భక్తుల రద్దీ మొదలవక ముందే మనం ఆ మలుపు దాటిపోవాలి. సూర్యకిరణాలు స్వామిని తాకే మార్చి 9, 10 తేదీల్లో ఆదివారం పడితే ఆ వారం ఆమదాలవలస వైపు వెళ్దాం.