బావిలో రాయి వేసి శబ్ద వేగం కడితే మైనస్ 140 వచ్చింది. ఎక్కడ తప్పు?

మోటారుషాపు:
నమస్కారం. మదనపల్లెలో మోటార్ రివైండింగ్ షాపు నాది. ఫిజిక్సు ఇంటర్‌తోనే వదిలేశాను, అది కూడా అత్తెసరు మార్కులతో. ఇప్పుడు మా పాప ఇంటర్ ఫస్టియర్. రాయి వదిలినప్పటి నుంచి చప్పుడు వినపడేదాకా పట్టే టైముతో బావి లోతు కట్టే లెక్క క్లాసులో చేశారంట. "మన తోట బావి లోతు మనకు తెలుసు కదా నాన్నా, లెక్క తిరగేసి శబ్ద వేగం కడదాం" అంది.

గట్టు నుంచి నీళ్లదాకా 40 అడుగులు, అంటే 12.19 మీటర్లు. మోటారు దింపే నైలాన్ తాడుకు రాయి కట్టి కొలిచాను. నిమ్మకాయంత రాళ్లు పది ఏరుకున్నాం. పాప ఒక చేత్తో రాయి వదలడం, ఇంకో చేత్తో ఫోన్లో స్టాప్‌వాచ్ నొక్కడం. సగటు 1.66 సెకన్లు. రాయి పడటానికి 1.577 పోతే మిగిలింది 0.083. భాగిస్తే సెకనుకు 147 మీటర్లు! పుస్తకంలో దగ్గర దగ్గర 340 అని ఉంది. ఒకసారైతే 1.49 వచ్చింది, దానికి కడితే వేగం మైనస్ 140. అంటే రాయి నీళ్లను తాకకముందే చప్పుడు పైకొచ్చేసిందన్నమాట. పాప పకపకా నవ్వింది గానీ నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఫార్ములా తప్పా, మా చేతులు తప్పా?

గట్టుమీద:
మైనస్ 140 అంటే మీ బావి భవిష్యవాణి చెబుతోంది అన్నా. దానికి టికెట్ పెట్టండి, మోటార్ల కంటే బాగా గిట్టుబాటవుతుంది.

చాక్‌పీసు:
ఫార్ములా సరిగ్గానే ఉంది. ముప్పై ఏళ్లు జూనియర్ కాలేజీలో ప్రాక్టికల్స్ చేయించినవాణ్ణి, మైనస్ సమాధానాలు చాలా చూశాను. ముందు ఒక సంగతి చెప్పండి: పాప చప్పుడు విని నొక్కిందా, నీళ్లు ఎగరడం చూసి నొక్కిందా? 40 అడుగుల్లో నీళ్లు కనిపిస్తూనే ఉంటాయి. చూసి నొక్కితే మీరు శబ్దాన్ని కొలవనే లేదు.

విని నొక్కినా గండం తప్పదు. 12 మీటర్లు పైకి రావడానికి శబ్దానికి పట్టేది 35 మిల్లీసెకన్లు. చెవిన పడ్డాక వేలు కదలడానికే 150, 200 అవుతుంది. నాలుగైదు రాళ్లయ్యాక వేలికి అలవాటై చప్పుడు కంటే ముందే నొక్కేస్తుంది. మీ 1.49 అలా వచ్చిందే.

వేలిని పక్కన పెట్టినా మిగతావి ఊరుకోవు. నీళ్లను తాకేటప్పుడు రాయి సెకనుకు 15 మీటర్ల పైన వేగంతో ఉంటుంది. తాడు సాగి లోతు కొలతలో 10 సెంటీమీటర్లు తేడా వస్తే 6.5 మిల్లీసెకన్లు గల్లంతు. నిమ్మకాయంత రాయిని గాలి ఆపేది ఇంకో 10 పైమాటే. g విలువ (భూమి లాగడం వల్ల రాయి వేగం సెకనుకు ఎంత పెరుగుతుందో ఆ అంకె) 9.8 బదులు 10 వేసుకుంటే 16 పోయినట్టే. అన్నీ ఆ 35లోంచే కోసుకోవాలి. రెండు పెద్ద అంకెల్లోంచి ఒకదాన్ని తీసేసి, మిగిలిన పిసరంత దాని మీద లెక్క నడుపుతున్నారు. లారీని డ్రైవర్‌తో ఒకసారి, డ్రైవర్ లేకుండా ఒకసారి వేబ్రిడ్జి ఎక్కించి డ్రైవర్ బరువు కట్టినట్టు.

అదే లెక్క లోతు కట్టడానికైతే బ్రహ్మాండంగా పనికొస్తుంది. శబ్దాన్ని పూర్తిగా వదిలేసినా మీ బావిలో వచ్చే తప్పు అర మీటరు.

మోటారుషాపు:
పాపనడిగాను మాస్టారూ. మొదటి మూడు విని నొక్కిందంట, తర్వాత అన్నీ చూసేనంట! మరి ఫోన్లు లేని రోజుల్లో ఎలా కొలిచారు?

చాక్‌పీసు:
దూరం పెంచి. ఇంగ్లండులో విలియం డెర్హామ్ అనే పాదిరీ 1700 తర్వాతి తొలి ఏళ్లలో అప్‌మిన్‌స్టర్ చర్చి గోపురం ఎక్కి, దాదాపు 12 మైళ్ల అవతల బ్లాక్‌హీత్‌లో పేల్చిన ఫిరంగి మెరుపు చూసి, మోత వచ్చేదాకా లోలకం ఊపులు లెక్కపెట్టాడు. 55 సెకన్లకు పైనే. అందులో అర సెకను తప్పినా నష్టం నూటికి ఒక వంతు. సెకనుకు 1142 అడుగులని తేల్చాడు, అంటే 348 మీటర్లు.

రాయి పడేయడమే కావాలంటే రెండు ఫోన్లు తీసుకోండి. జర్మనీలో ఆఖెన్ యూనివర్సిటీ వాళ్లు చేసిన ఫైఫాక్స్ అనే ఉచిత యాప్‌లో శబ్దంతో మొదలై శబ్దంతో ఆగే స్టాప్‌వాచ్ ఉంది. మిద్దె మీద బెలూన్‌కు దారంతో ఇనప తూకం రాయి వేలాడదీయండి. కింద రేకు పెట్టండి. ఒక ఫోను బెలూన్ పక్కన, ఒకటి రేకు పక్కన. బెలూన్‌ను సూదితో పొడవండి. పై ఫోను 'టప్' వెంటనే వింటుంది, 'ఠంగ్' ఆలస్యంగా వింటుంది. కింద ఫోనుకు 'టప్' ఆలస్యం, 'ఠంగ్' వెంటనే. రెండు టైములూ తీసివేస్తే మిగిలేది శబ్దం ఆ ఎత్తును రెండుసార్లు దాటే కాలం. రాయి ఎంతసేపు పడిందో, గాలి ఎంత ఆపిందో, g ఎంతో, ఏదీ లెక్కలోకే రాదు. రెండు ఫోన్ల గడియారాలు కలవాల్సిన పని కూడా లేదు. కనీస వ్యవధి 0.5 సెకన్లు పెట్టండి, లేకపోతే 'టప్' ప్రతిధ్వనికే వాచ్ ఆగిపోతుంది.

గట్టుమీద:
కింద మనుషులు లేకుండా చూసుకోండి అన్నా. తూకం రాయి నెత్తిన పడితే 'ఠంగ్' అనదు.

మోటారుషాపు:
ఆదివారం పొద్దున్నే బావమరిది వాళ్ల మిద్దె మీద చేశాం. గేటు మూసి, కింద వాణ్ణే కాపలా పెట్టాను. టేపుతో రెండు ఫోన్ల మధ్య 11.6 మీటర్లు. మొదటి బెలూన్ పేలగానే తూకం రాయి ఊగి రేకును వదిలేసి బకెట్ పగలగొట్టింది. మా చెల్లెలు ఇంకా మాట్లాడట్లేదు. రెండోదానికి కింద ఫోను కాకి అరుపుతో మొదలైంది.

తర్వాత ఐదు కుదిరాయి. ఒకదానికి పై ఫోన్లో 1.559, కింద ఫోన్లో 1.493. తేడా 66 మిల్లీసెకన్లు. మిగతావి 68, 65, 69, 67. సగటు 67. రెండుసార్లు 11.6ని 0.067తో భాగిస్తే 346! అప్పుడు ఎండ 27 డిగ్రీలు.

చాక్‌పీసు:
27 డిగ్రీలకు 347.7 రావాలి. పుస్తకంలోని 340 కాస్త చలి రోజుది. పాపను ఇదే మిట్టమధ్యాహ్నం ఇంకోసారి చేయమనండి, 37 డిగ్రీలుంటే 6 మీటర్లు పెరగాలి. ఐదు సరిపోవు, ఇరవై బెలూన్లు తెచ్చుకోండి. బకెట్ ముందే పక్కకు జరపండి.