సమస్యాపూరణ (ఇచ్చిన పాదంతో ముగిసేలా పద్యం అల్లడం). సమస్య: «బాంబు పడిన చోట పాట పూచె»

నిర్వాహకుడు: ఛందస్సు ఆటవెలది. సమస్య నాలుగో పాదం. ఐదూ సూర్యగణాలే (అంటే గురువు, లఘువు; లేదా మూడు లఘువులు. నిడివిగా పలికే అక్షరం గురువు, పొట్టిది లఘువు), యతి బాం–పా (పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ ధ్వని పొత్తు). పూరణ పోలండ్ గాయకుడు మియెచిస్వావ్ ఫోగ్ గురించే ఉండాలి. 1939 సెప్టెంబరులో జర్మనీ దాడితో రికార్డులూ రేడియో కచేరీలూ ఆగిపోయిన టాంగో (ఒక నృత్య సంగీతం) గాయకుడు ఆయన.

తంగేడు:
వార్స నగరమందుఁ బలు దవాఖానల
నూటనాల్గు సార్లు నోరు విప్పి
ఫోగు పాడుచుండఁ బొంగె కన్నీళ్ళును;
బాంబు పడిన చోట పాట పూచె

గోదారిగట్టు: లెక్క సరే. 1944 ఆగస్టు 1 నుంచి అక్టోబరు 2 దాకా, జర్మన్లపై వార్సా తిరుగుబాటు సాగిన 63 రోజుల్లో 104 కచేరీలు. దవాఖానలే కాదు, నేలమాళిగల్లో, వీధుల్లో పేర్చిన అడ్డుగోడల దగ్గర కూడా పాడాడు. "వార్సా"ను "వార్స" చేయడం తప్పదు, లేకపోతే మొదటి గణమే చెడుతుంది. నాకు నచ్చనిది "నోరు విప్పి". దాచిన మాట బయటపెట్టేవాడు నోరు విప్పుతాడు, గాయకుడు కాదు. ఇది యతి కోసం తెచ్చిన మాటని తెలిసిపోతోంది. "నూటనాల్గు సభల నోము పట్టి" అనండి, యతీ నిలుస్తుంది, పట్టుదలా కనిపిస్తుంది.

తంగేడు: నోము బాగుందండీ, మార్చేశాను.

వెన్నెలకంటి:
ఆఖరాదివార మాలపించిన గొంతు
యుద్ధమందుఁ గూడ నూరడించె
సేన లణచివేయ బూడిదౌ నగరాన
బాంబు పడిన చోట పాట పూచె

గోదారిగట్టు: మొదటి పాదంలో ఆ–మా యతి తప్పిందని ఎవరైనా అంటారేమో. తప్పలేదు. "వారము + ఆలపించిన" సంధిలో ఆ దాగి ఉంది. "ఆఖరి ఆదివారం" అనే 1935 నాటి పాటను, సంగీతకర్త పెటర్స్‌బుర్స్కి టాంగోను ఇలా తేవడం ముచ్చటగా ఉంది. యతి తప్పింది మూడో పాదంలో: సే–బూ. గణాలు సరిపోయాయి కాబట్టి చదివేటప్పుడు పట్టుబడదు. "సేన లణచివేయ శిథిలనగరమందు" అంటే సే–శి కుదురుతుంది.

పాలపిట్ట:
కూలినట్టి మేడ కుప్పల నడుమను
కాఫి కొట్టు తెరిచెఁ గాదె ఫోగు
రాళ్ళ నెత్తు వారు రాత్రులం జేరిరి
బాంబు పడిన చోట పాట పూచె

తంగేడు: 1945లో మార్షావ్‌కోఫ్‌స్కా వీధి 119లో తెరిచిన కఫే ఫోగ్ కదూ! వీధి పేరు కూడా పెట్టాల్సింది.

పాలపిట్ట: పట్టదండీ. ఆ పేరులో వరుసగా నాలుగు గురువులు. సూర్యగణాల్లో రెండు గురువులే పక్కపక్కన రావు, బేసి పాదాల చివర వచ్చే ఇంద్రగణాలు కలిపినా నాలుగు కుదరవు.

నిర్వాహకుడు: ఈసారి నా ఓటు దీనికే. మిగతా రెండిట్లో పాట బాంబులు పడుతుండగా పూచింది, ఇందులో పడిపోయాక, అదే మట్టిలో. "పూచె"కు అదే న్యాయం. "రాళ్ళ నెత్తు వారు" చాలు, శిథిలాలు తొలగిస్తున్న ఊరు కళ్ళకు కట్టింది. అన్నట్టు, ఆయన అసలు ఇంటిపేరు ఫోగెల్. "ఫోగెలు" అంటే భగణం (గురువు, రెండు లఘువులు), సూర్యగణం కాదు. రంగస్థలం కోసం పేరు కుదించుకుని మనకెంత మేలు చేశాడో!