సముద్రంలో మునిగిపోయిన రాయి డబ్బు అవుతుందా?

నీలిసిరా:
పసిఫిక్‌లోని యాప్ దీవి రాతి డబ్బు గురించి చదివాక ఒక సందేహం వదలడం లేదు. మధ్యలో చిల్లున్న సున్నపురాతి చక్రాలు, పేరు రాయ్. పెద్దవి మనిషికి రెట్టింపు ఎత్తుంటాయి. సొంతదారు మారినా రాయిని కదపరు. ఇకమీదట ఫలానావాళ్లదని అందరికీ తెలిస్తే చాలు. ఒక కుటుంబం పూర్వీకుడు రాయి తెస్తుంటే తుఫాను వచ్చింది, ప్రాణాలు దక్కాలంటే తెప్ప తాడు కోసేయక తప్పలేదు. రాయి మునిగిపోయింది. అది చాలా గొప్ప రాయని వెంట వెళ్లినవాళ్లంతా సాక్ష్యం చెప్పారు. తరాల తర్వాత కూడా ఆ కుటుంబం ధనవంతుల కిందే లెక్క. 1910లో ఫర్నెస్ అనే అమెరికన్ రాసిన సంగతి ఇది. ఇది డబ్బేనంటారా?

లెక్కపక్కా:
కాదు. చూపించలేనిది, తీసుకురాలేనిది ఆస్తి ఎలా అవుతుంది? అది ఆ కుటుంబానికి ఊరు ఇచ్చిన మర్యాద, అంతే.

తూనికరాయి:
పెద్ద రాయ్ నాలుగు టన్నుల దాకా తూగుతుంది కదా, అంత రాయి తెప్ప మీద తేలుతుందా? ముందు అది తేల్చండి.

గవ్వలసంచి:
లెక్కపక్కా గారూ, మర్యాద ఒక్కటే అయితే ఓకీఫ్ విషయం ఏమంటారు? యాప్‌లో ఆ రాయి దొరకదు. 400 కిలోమీటర్లకు పైగా దూరంలోని పలావ్ దీవులకు వెళ్లి గవ్వ పనిముట్లతో చెక్కి, పడవలతో లాక్కొచ్చేవారు. 1870లలో ఓకీఫ్ అనే కెప్టెన్ ఇనుప పనిముట్లు ఇచ్చి, రాళ్లను తన ఓడలో చేరవేసి, బదులుగా ఎండు కొబ్బరి తీసుకున్నాడు. ఆ రాళ్లు పెద్దవే అయినా పాతవాటి విలువ రాలేదు. ఎంత కష్టపడి తెచ్చారో జనం గుర్తుపెట్టుకుని మరీ వెలకట్టారు. పక్కా లెక్క అంటే ఇదే కదా!

తూనికరాయి:
అంటే నాలుగు టన్నులవి ఓడలో వచ్చాయి. మునిగింది చిన్నదే అయ్యుండాలి. మరి గొప్ప రాయని ఎలా నమ్మారు?

లెక్కపక్కా:
జనం గుర్తుపెట్టుకుంటారట! నలుగురు పెద్దమనుషుల ఎదుట, కాగితం లేకుండా, దగ్గరి బంధువుకి అప్పిచ్చాను. అడిగే రోజు వచ్చేసరికి ఒకాయన టీ గ్లాసు కింద పెట్టకుండానే "ఆ రోజు నేను మధ్యలోనే లేచి వెళ్లిపోయాను కదా" అన్నాడు. మిగతావాళ్లు నేల చూపులు. మనుషుల జ్ఞాపకం మీద నిలబడే డబ్బు గురించి నాకు చెప్పకండి.

గవ్వలసంచి:
మీ అప్పు గొడవ తెచ్చి యాప్ వాళ్ల మీద రుద్దడం అన్యాయం. 1930లలో ఫ్రాన్స్ డాలర్లను నమ్మక బంగారం అడిగితే, అమెరికా కేంద్ర బ్యాంకు అయిన ఫెడరల్ రిజర్వ్ న్యూయార్క్ నేలమాళిగలో కొంత బంగారం పక్కన పెట్టి, ఇది ఫ్రాన్స్‌ది అని గుర్తు వేశారు. సముద్రం దాటలేదు. దాంతోనే బజార్లో కంగారు పుట్టింది. దీన్ని రాతి డబ్బుతో పోల్చింది ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్.

లెక్కపక్కా:
రుద్దడమా? పోగొట్టుకున్నవాడిని నేను, నీతులు మీవి! 1899లో స్పెయిన్ నుంచి ఆ దీవులు కొన్న జర్మన్లు ఏం చేశారు? రోడ్లు బాగుచేయడం లేదని ఒక మనిషిని పంపి విలువైన రాళ్ల మీద నల్ల శిలువలు వేయించారు, ఇవి సర్కారువి అని. రాయి ఎక్కడిదక్కడే ఉంది, జనం మాత్రం దరిద్రులమయ్యామని పరుగెత్తి రోడ్లు వేశారు. శిలువలు చెరిపేశాకే ఊపిరి పీల్చుకున్నారు. నా బాధ రాయి గురించి కాదు. నలుగురి నోటిలో ఉన్న ఆస్తిని బలవంతుడు రంగు డబ్బాతో లాగేసుకోగలడు.

నీలిసిరా:
ఇప్పుడు అసలు మాట బయటికొచ్చింది.

గవ్వలసంచి:
సర్కారు తలచుకుంటే కాగితం, బంగారం కూడా మిగలవు. 1933లో అమెరికాలో జనం దగ్గరి బంగారం అప్పగించమని ఉత్తర్వు రాలేదా? ఇంకో సంగతి. యాప్‌లో సాక్షికీ రాళ్లుంటాయి. పక్కవాడి రాయి గురించి అబద్ధమాడితే రేపు తన రాయికి సాక్ష్యం ఎవరు చెప్తారు? మీ నలుగురికి పోయేదేమీ లేదు, అందుకే నోరు మెదపలేదు.

లెక్కపక్కా:
రాళ్లు లేనివాడి తరఫున ఎవరు నోరు విప్పుతారో అది చెప్పండి. మిగతాది తర్వాత మాట్లాడదాం.