'మే పింక్సిత్' – తెలుగులో ఎలా చెప్పాలి?

ప్రశ్న: ఇటలీలోని లూక్కా నగరంలో, విల్లా గ్వినీజి మ్యూజియంలో 13వ శతాబ్ది నాటి చిత్రిత శిలువ ఒకటి ఉంది. దాని మీద లాటిన్‌లో 'బెర్లింగేరియుస్ మే పింక్సిత్' అని చిత్రకారుడు బెర్లింగియేరో సంతకం కనిపిస్తుంది. ఒక వ్యాసంలో నేను దీనిని 'బెర్లింగియేరోచే చిత్రించబడినది' అని అనువదించగా, ఈ కర్మణి ప్రయోగం తగదని ఒక మిత్రుడు అభ్యంతరం చెప్పారు. సభ్యుల అభిప్రాయం తెలుపగలరు.

సమాధానం: మీ మిత్రుడి అభ్యంతరం సమంజసమే. 'మే' అంటే 'నన్ను', 'పింక్సిత్' అంటే 'చిత్రించెను'. కర్త, కర్మ, క్రియ అన్న వరుస కూడా తెలుగు వరుసే కాబట్టి, మాటకు మాట పెట్టినా 'బెర్లింగియేరో నన్ను చిత్రించెను' అని చక్కని తెలుగు వాక్యమే వస్తుంది. అటువంటి దానిని కర్మణి ప్రయోగంలోకి తిప్పితే ఆ 'నన్ను' ఎగిరిపోతుంది, దానితో పాటు మాట్లాడుతున్నది ఎవరన్న సంగతీ పోతుంది. ఇక్కడ మాట్లాడుతున్నది చిత్రకారుడు కాదు, ఆయన చేతి పని. పైగా ఈ శిలువ మీది క్రీస్తు మరణించినవాడిగా కాక, కళ్ళు తెరిచి, మృత్యువును గెలిచినవాడిగా కనిపిస్తాడు. ఆ కళ్ళను చూస్తూ సంతకాన్ని పైకి చదివితే 'నన్ను' అన్నది శిలువ చెక్కా, దాని మీది క్రీస్తా అన్న సందేహం కలగకపోదు. ఆ సందేహానికి అనువాదంలోనూ చోటుండాలి.

క్రియ విషయంలో 'చిత్రించాడు' కన్నా 'చిత్రించెను' మేలని నా అభిప్రాయం. 'పింక్సిత్' అన్న రూపం కర్త పురుషుడో స్త్రీయో చెప్పదు. 'రాముడు వచ్చెను, సీత వచ్చెను' అన్నట్లు మన పాత రూపమూ అంతే. 'చిత్రించాడు', 'చిత్రించారు' అనగానే మూలంలో లేని లింగమో గౌరవమో వచ్చి చేరుతుంది. 'గీసెను' అంటే గీతలే స్ఫురిస్తాయి, రంగుల పని మరుగున పడుతుంది.

ప్రశ్న: కృతజ్ఞతలు. మరి ఆయన పూర్తి పేరును 'బెర్లింగియేరో బెర్లింగియేరి' అని వ్రాయవచ్చునా? రెండవది ఇంటిపేరే కదా?

సమాధానం: పుస్తకాలలో అలా కనిపిస్తుంది గాని, నాకది కొంత వింతగానే తోస్తుంది. 'బెర్లింగియేరి' అన్నది మొదట 'బెర్లింగియేరో యొక్క' అనే షష్ఠీ రూపం. 'కుమారుడు' అన్న మాట అధ్యాహారంగా ఉండిపోయి, తండ్రి పేరే కొడుకులకు గుర్తింపు అయింది. పేషా పట్టణంలోని సాన్ ఫ్రాంచెస్కో చర్చిలో, 1235 నాటి అస్సీసీ పుణ్యపురుషుడు సెయింట్ ఫ్రాన్సిస్ చిత్రం మీద కొడుకు బొనవెంతూరా తన పేరును తండ్రి పేరుతోనూ లూక్కా పేరుతోనూ కలిపి వ్రాసుకోవడం అందువల్లనే. తండ్రికీ అదే తగిలిస్తే 'రామయ్య గారి రామయ్య' అన్నట్లు ఉంటుంది. 1228లో లూక్కా, పీసా నగరాల మధ్య సంధికి ప్రమాణం చేసినవారి జాబితాలో ఈ తండ్రి, బొనవెంతూరా, బరోనే అనే ఇద్దరు కొడుకులతో కలిసి కనిపిస్తాడు. మూడవ కొడుకు మార్కో వ్రాతప్రతులకు బొమ్మలు వేసినవాడు.

ఇంటిపేరును కుటుంబమంతటికీ కలిపి వాడడంలో తప్పు లేదు. ఫ్రాన్సిస్ మరణించిన తొమ్మిదేళ్ళకే వేసిన పేషా చిత్రం, నడుమ నిలువెత్తు మూర్తి, ఇరువైపులా ఆయన కథలోని ఆరు ఘట్టాలు ఉన్న ఆ అమరికతో, తరువాతి ఫ్రాన్సిస్ చిత్రాలకు ఒక తొలి నమూనా. ఆ పని గురించి చెప్పేటప్పుడు 'బెర్లింగియేరి కుటుంబం' అనడమే సులువు. కాని శిలువ కింద పెట్టే పరిచయ వాక్యంలో మాత్రం తండ్రి స్వయంగా వ్రాసుకున్న ఒక్క పేరే ఉంచండి: 'బెర్లింగియేరో నన్ను చిత్రించెను.'