డ్రాగన్ పిడి కత్తులు పనికొస్తాయా, షోకేస్‌లో పెట్టుకోవడానికేనా?

నల్లమల బాటసారి:
అందరికీ నమస్కారం. గేమ్స్‌లో, ఫాంటసీ కథల్లో కనిపించే కత్తులంటే నాకు చిన్నప్పటి నుంచీ పిచ్చి. ఆన్‌లైన్‌లో ఒకటి చూసి పెట్టుకున్నాను. పిడి చివర డ్రాగన్ తల, మొన దగ్గర రెండుగా చీలిన బ్లేడ్, వెన్ను మీద రంపం పళ్లు, బ్లేడ్ మధ్యలో వరసగా రంధ్రాలు. బ్లేడ్ పొడవు 10 అంగుళాలు. స్టీల్ గురించి "440 స్టెయిన్‌లెస్" అని మాత్రమే రాశారు. క్యాంపింగ్‌కి వెళ్లినప్పుడు పుల్లలు కొట్టడానికి, తాడు కోయడానికి, కూరగాయలు తరగడానికి ఇదొక్కటీ సరిపోతుందా? ఊరికే వద్దు అనకుండా ఎందుకో కూడా చెప్పండి.

కొలిమి దగ్గర:
బ్లేడ్ సంగతి తర్వాత, ముందు పిడి లోపల ఏముందో కనుక్కోండి. పనికొచ్చే కత్తిలో బ్లేడ్ ఉక్కే ఒకే ముక్కగా పిడి చివరిదాకా వెళ్తుంది, లేదా కనీసం మందంగా లోపలిదాకా దిగుతుంది. చవక ఫాంటసీ కత్తుల్లో చాలావాటికి బ్లేడ్ వెనకాల ఒక సన్నటి మరల కడ్డీ వెల్డ్ చేసి, దాన్ని పిడిలోకి దూర్చి, చివర డ్రాగన్ తలని నట్టులాగా బిగిస్తారు. గోడ మీద ఉన్నంతకాలం ఏమీ కాదు. గట్టి కర్ర మీద బలంగా కొడితే మాత్రం ఆ వెల్డ్ దగ్గర విరిగి బ్లేడ్ ఎగిరిపోవచ్చు, పక్కన మనుషులుంటే ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. నా భయమంతా దీని గురించే, పదును గురించి కాదు.

ఇక రంపం పళ్లు. నిజమైన రంపానికి పళ్లు ఒకటి కుడికి ఒకటి ఎడమకి కాస్త వంచి ఉంటాయి, అందుకే కోసిన గాడి రంపం మందం కన్నా వెడల్పుగా పడి అది ఇరుక్కోకుండా ఆడుతుంది. కత్తి వెన్ను మీద చెక్కిన పళ్లకి ఆ వంపు ఉండదు కాబట్టి కొంచెం లోపలికి దిగగానే ఇరుక్కుపోతుంది. పైగా పుల్లలు చీల్చేటప్పుడు వెన్ను మీద ఇంకో కర్రతో కొడతాం కదా, పళ్లుంటే అదీ కుదరదు. రంధ్రాలు, లోపలికి కోసిన మూలలు ఉన్నచోట దెబ్బ ఒత్తిడంతా పోగవుతుంది, పగులు వస్తే అక్కడే మొదలవుతుంది. కూరగాయలకైతే అంచు చెక్కపలకకి ఆనాలి, వంకర్లు తిరిగిన అంచు ఆనదు. బ్లేడ్ 5 మిల్లీమీటర్ల మందం ఉండి కింద చిన్న అంచు మాత్రమే పదును పెట్టి ఉంటే క్యారెట్ తెగదు, చీలుతుంది.

440 అంటే ఒకటే స్టీల్ కాదు. ఏ, బీ, సీ అని రకాలున్నాయి, కార్బన్ ఎక్కువున్నది సీ, సుమారు 1 శాతం. సరిగ్గా వేడిచేసి చల్లారిస్తే గట్టిదనం రాక్‌వెల్ స్కేల్ మీద 58 నుంచి 60 దాకా వస్తుంది, కత్తికి అది మంచి గట్టిదనం. అమ్మేవాడి దగ్గర సీ ఉంటే తప్పకుండా రాసుకుంటాడు, ఉత్త 440 అని వదిలేస్తే తక్కువ రకమే అనుకోండి.

ఇందూరు కుర్రాడు:
అన్న చెప్పినవి నిజమే కానీ, వింత ఆకారం అనగానే పనికిరాదని తేల్చేయకండి. మన దేశపు కటార్ చూడండి, పిడికిలి బిగించి పట్టుకునే అడ్డకడ్డీ, ముందుకు పొడుచుకొచ్చే బ్లేడ్. ఇవాళ ఎవరైనా గీస్తే గేమ్ బొమ్మ అనుకుంటాం. కానీ గొలుసు కవచాన్ని చీల్చడానికి దాని మొనని కావాలనే మందంగా చేసేవాళ్లు. గూర్ఖాల ఖుక్రీకి ముందువైపు బరువు ఉండటం వల్లే కొమ్మలు తెగుతాయి. అలాగని అందమైనవన్నీ పనికోసం కాదు, సాలార్‌జంగ్ మ్యూజియంలో నూర్జహాన్ పండ్ల కత్తి అని రత్నాలు పొదిగింది ఉంది, దాన్ని పట్టుకుని ఎవరూ యుద్ధానికి పోరు. ఏ పనికి చేశారన్నదే చూడాలి.

ఇంకొకటి, "డమాస్కస్" అని అలల గీతలున్న బ్లేడ్లు అమ్ముతున్నారు, వాటితో జాగ్రత్త. మా నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ఒకప్పుడు మూసల్లో ఉక్కు ముద్దలు తీసేవాళ్లు, వాటికోసం పర్షియా వర్తకులు అంతదూరం నుంచి వచ్చేవాళ్లు. అసలు డమాస్కస్ కత్తులకి వాడింది అలాంటి ఉక్కే, అందులో గీతలు లోపలి నుంచే వస్తాయి. చవక రకాల్లో పైన అచ్చు వేస్తారంతే, సన్న గరుకు కాగితంతో రుద్దితే పోతుంది.

విశాఖ తీరం:
నా దగ్గర ఇలాంటివి చాలా ఉన్నాయి, అన్నీ చూసుకోవడానికే కొన్నాను, అందులో తప్పేమీ లేదు. కానీ స్టెయిన్‌లెస్ కదా అని వదిలేయకండి, సముద్రపు గాలికి అవి కూడా తుప్పు పడతాయి. తోలు ఒరలో పెట్టి నెలల తరబడి ఉంచొద్దు, తోలు తేమని పట్టి ఉంచుతుంది. విడిగా పెట్టి కుట్టుమిషన్ ఆయిల్ పల్చగా రాయండి. కొబ్బరినూనె వద్దు, చలికి గడ్డకడుతుంది.

సెక్షన్ 4:
10 అంగుళాల బ్లేడ్ అన్నారు కాబట్టి చెప్తున్నా. ఆయుధ చట్టం 1959 కింద ఉన్న నిబంధనల్లో, 9 అంగుళాల కన్నా పొడవు లేదా 2 అంగుళాల కన్నా వెడల్పు బ్లేడ్ ఉన్న కత్తులు ఆయుధాల జాబితాలోకి వస్తాయి. ఇంటి పనికి, వ్యవసాయానికి, శాస్త్ర, పారిశ్రామిక అవసరాలకి తయారైనవి మినహాయింపు. డ్రాగన్ తల కత్తిని వంటకత్తి అని చెప్పి ఒప్పించడం కష్టం. సెక్షన్ 4 కింద నోటిఫై చేసిన ప్రాంతాల్లో లైసెన్స్ కావాలి, మీ ఊరి సంగతి ముందే కనుక్కోండి. బస్సులో, రోడ్డు మీద పట్టుకు తిరగొద్దు. తల్వార్‌తో కేక్ కోసి వీడియో పెట్టిన వాళ్ల మీద కేసులు పడుతున్న వార్తలు మీరూ చూసే ఉంటారు.

నల్లమల బాటసారి:
అందరికీ చాలా థాంక్స్. అయితే ఆ కత్తి వద్దు. కానీ నాకు ఆ రూపం మీద ఆశ పోలేదు, పని కూడా చేసేది చేయించుకోవచ్చా?

కొలిమి దగ్గర:
ఎందుకు చేయించుకోకూడదు? లారీ కమాన్ పట్టీ ఉక్కుతో కత్తులు, కొడవళ్లు చేసే కమ్మరులు ఇంకా ఉన్నారు, ఆ ఉక్కు దెబ్బకి బాగా ఆగుతుంది. స్టెయిన్‌లెస్ కాదు కాబట్టి తుడిచి నూనె రాస్తూ ఉండాలి. బ్లేడ్ 5, 6 అంగుళాలు చాలు, అంచు ఒకే వంపులో ఉండాలి, వెన్ను నున్నగా, ఉక్కు పిడి చివరిదాకా. డ్రాగన్‌ని బ్లేడ్ మీద కాకుండా పిడి కర్ర మీద చెక్కించండి, అదీ లోతు తక్కువగా, అరచేతికి గుచ్చుకోకుండా. ముందు అట్టముక్క మీద అసలు సైజులో గీసి, కోసి, చేత్తో పట్టుకుని చూడండి. గీసిన బొమ్మ ఇక్కడ పెట్టండి, కొలతలు నేను చూసి చెప్తాను.