లిబరల్ అంటే అసలు ఎవరు? ఒక్కో చోట ఒక్కో అర్థం ఎందుకు?

నల్గొండ పిల్ల:
అశోక్‌నగర్‌లో ఉండి గ్రూప్-1కి చదువుతున్నాను. బీటెక్ చేశాను కాబట్టి పొలిటికల్ సైన్స్ నాకు కొత్త. మూడు రోజులుగా ఉదారవాదం (లిబరలిజం) దగ్గరే ఆగిపోయాను. మన దగ్గర 1991లో లిబరలైజేషన్ అంటే లైసెన్సులు తీసేసి ప్రభుత్వం పక్కకి తప్పుకోవడం. అమెరికాలో లిబరల్స్ అంటే జనం వైద్యం ఖర్చు కూడా ప్రభుత్వమే చూడాలనేవాళ్ళు. రెండింటికీ ఒకే మాట ఎలా వచ్చింది? నోట్సులో సాంప్రదాయ, ఆధునిక అని రెండు గడులు గీసి వదిలేశారు. బట్టీ పట్టమంటే పట్టేస్తాను, ఎందుకు మారిందో మాత్రం ఎక్కట్లేదు. అసలు ఉదారం అంటే దానగుణం కదా, ఆ పేరేంటి?

పొన్నూరు మాస్టారు:
అమ్మా, డిగ్రీ కాలేజీలో ముప్పై ఏళ్ళు ఇదే పాఠం చెప్పి రిటైరయ్యాను. ముందు పేరు సంగతి. లాటిన్‌లో లిబర్ అంటే బానిస కానివాడు. లిబరల్ ఆ మాట నుంచే వచ్చింది. ఇంగ్లీషులో లిబరల్‌కి దానగుణం అనే అర్థం కూడా ఉంది, మనవాళ్ళు దాన్ని పట్టుకున్నారు. క్లాసులో నేను స్వేచ్ఛావాదం అనేవాణ్ణి, మార్కులు పోతాయని పరీక్షలో మాత్రం ఉదారవాదమే రాయమనేవాణ్ణి. ఒక రాజకీయ వర్గానికి ఈ పేరు పడింది స్పెయిన్‌లో. కాడిజ్ నగరంలో కూర్చుని 1812లో రాజ్యాంగం తెచ్చినవాళ్ళని అలా పిలిచారు.

ఇక ఆ గడులు కాసేపు మర్చిపో. లిబరల్ అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒక్కటే: నా మెడ మీద కూర్చున్నది ఎవరు? కూర్చున్నవాడు మారినప్పుడల్లా జవాబు మారింది. ఇంగ్లండ్ తత్వవేత్త జాన్ లాక్ రోజుల్లో అక్కడ కూర్చున్నది రాజు, మతం. అందుకే 1689లో అచ్చయిన పుస్తకాల్లో పాలకుడి అధికారం ప్రజల సమ్మతితోనే వస్తుందన్నాడు, ఎవరి విశ్వాసం వాళ్ళకి వదిలెయ్యమన్నాడు. (దేవుడు లేడనేవాళ్ళని మాత్రం సహించక్కర్లేదన్నాడు. ఇది పరీక్షలో రాస్తే ఎగ్జామినర్ ముచ్చటపడతాడు.)

తర్వాతది రొట్టె కథ, నాకు బాగా ఇష్టం. బ్రిటన్‌లో 1815లో ఒక చట్టం చేశారు. దేశంలో గోధుమ ధర క్వార్టర్‌కి, అంటే వాళ్ళ ధాన్యం కొలతకి, 80 షిల్లింగులు చేరేదాకా విదేశీ గోధుమ అమ్మకానికి రాకూడదు. లాభం భూస్వామికి, ఆకలి కూలివాడికి. మాంచెస్టర్‌లో గుడ్డల వ్యాపారి కాబ్డెన్, రాచ్‌డేల్ మిల్లు యజమాని జాన్ బ్రైట్ ఊరూరా సభలు పెట్టి కొట్లాడారు. 1846లో ఆ చట్టాలు పోయాయి. అంటే ఇక్కడ ప్రభుత్వం తప్పుకోవడమే పేదవాడికి మేలు. నీ 1991కి తాత ఇదే.

అదే జాన్ బ్రైట్, మరుసటి ఏడాది మిల్లుల్లో ఆడవాళ్ళకీ పిల్లలకీ రోజుకి పది గంటల పనే ఉండాలన్న చట్టం వస్తే వ్యతిరేకించాడు. పనివాళ్ళకీ యజమానికీ మధ్య ప్రభుత్వం ఎందుకు అన్నాడు. క్లాసులో ఇక్కడ కాసేపు ఆగేవాణ్ణి. ఆయన మనసు మారలేదు, మెడ మీద కూర్చున్నవాడు మారాడు. ఈసారి కూర్చున్నది తనే!

దీనికి ఆక్స్‌ఫర్డ్‌లో తత్వశాస్త్రం చెప్పిన టి.హెచ్. గ్రీన్ 1881లో జవాబిచ్చాడు. ఎవరూ ఆపకపోవడం ఒక్కటే స్వేచ్ఛ కాదు, చెయ్యదగ్గ పని చెయ్యగల శక్తి ఉండాలన్నాడు. ఆ తర్వాత బ్రిటన్‌లో, ఒకప్పుడు బ్రైట్ ఉన్న లిబరల్ పార్టీ ప్రభుత్వమే 1909 జనవరి నుంచి డెబ్బై దాటిన పేద ముసలివాళ్ళకి వారానికి 5 షిల్లింగుల దాకా పెన్షన్ ఇచ్చింది. పోస్టాఫీసులో చేతికిచ్చేవాళ్ళు. 1930లలో అమెరికాలో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఎత్తుకున్నది ఈ కొత్త అర్థాన్నే. ఎన్నికల్లో ఆయన చేతిలో ఓడిన మాజీ అధ్యక్షుడు హూవర్ మాత్రం అసలు లిబరల్‌ని నేనేనని చాలాకాలం గొణిగాడు.

మెల్‌బోర్న్ బాబాయ్:
మా దగ్గర ఇంకా విచిత్రం. ఇక్కడి లిబరల్ పార్టీ సంప్రదాయవాదుల పార్టీ, 1944లో రాబర్ట్ మెన్జీస్ అనే నాయకుడు పెట్టాడు. ఇక్కడ ఓటంటే అభ్యర్థుల పేర్ల పక్కన 1, 2, 3 అని వరస నంబర్లు వెయ్యడం. సిటిజన్‌షిప్ వచ్చాక మొదటిసారి ఓటుకి వెళ్తే, స్కూలు గేటు దగ్గర నీలం చొక్కా ఆయన ఎవరికి ఏ నంబరు వెయ్యాలో రాసున్న కాగితం చేతిలో పెట్టాడు. హైదరాబాద్‌లో చదివిన లిబరల్ అనుకుని నవ్వుతూ తీసుకున్నా. లోపలికెళ్ళేలోపు మా ఆవిడ లాక్కుని చదివి, "ఇది మీరనుకునే లిబరల్ కాదు" అంది. ఇక్కడ ఓటెయ్యకపోతే 20 డాలర్ల ఫైన్. మీ లాక్ దీనికి ఏమంటాడో!

విజయనగరం వాసి:
మాస్టారూ, ఇంగ్లండ్ తత్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్‌ని ఎందుకు వదిలేశారు? స్వేచ్ఛ మీద పుస్తకం రాసిన మహానుభావుడు 1823 నుంచి 35 ఏళ్ళు ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి. ఆ 1859 పుస్తకం మొదట్లోనే ఈ సూత్రం వెనకబడిన సమాజాలకి వర్తించదని రాశాడు. అంటే మనకి కాదని! మా ఊళ్ళో పుట్టిన సి.వై. చింతామణి గారు అలహాబాద్‌లో లీడర్ పత్రిక నడుపుతూ, స్వాతంత్ర్యానికి ముందు మన దేశంలో ఉన్న లిబరల్ పార్టీలో పెద్ద నాయకుడయ్యారు. ఆయన పేరు కూడా నోట్సులో ఉండదు.

పొన్నూరు మాస్టారు:
నిజమే బాబూ, కావాలనే దాటేశాను. మిల్ దగ్గర కూర్చుంటే లేవలేను. పార్లమెంటులో 1867లో ఓటుహక్కు బిల్లులో 'పురుషుడు' తీసి 'వ్యక్తి' అని పెట్టమన్నదీ ఆయనే, 73 ఓట్లు పడి ఓడిపోయింది. ఆడవాళ్ళ విషయంలో అంత దూరం చూసిన కన్నుకి మనం ఆనలేదు.

మన చింతామణి గారిని చెప్పావు, మా రైతు నాయకుడు ఎన్.జి. రంగా గారినీ చెప్పాలి. 1959లో నాగపూర్ కాంగ్రెస్‌లో సహకార సేద్యం తీర్మానం వచ్చింది. పొలం గట్లు చెరిపేస్తారని మా రైతులకి హడలు. రంగా గారు కాంగ్రెస్ నుంచి బయటికొచ్చి, ప్రభుత్వం జోక్యం తగ్గాలనే స్వతంత్ర పార్టీకి మొదటి అధ్యక్షుడయ్యారు. మా తాత అరుగు గోడ మీద ఆ పార్టీ నక్షత్రం గుర్తు సున్నం కింద నుంచి చాలా ఏళ్ళు కనబడేది. లాక్ పేరు ఆయన వినలేదు. అయిదెకరాల పట్టా మాత్రం ట్రంకుపెట్టెలో పెట్టి తాళం మొలతాడుకి కట్టుకున్నాడు.

నల్గొండ పిల్ల:
మాస్టారూ, ఇప్పుడు ఎక్కింది. ఒక్క డౌట్. మా హాస్టల్ గేటు రాత్రి 9కే వేస్తారు. పక్కనే ఇదే ఓనర్‌ది అబ్బాయిల హాస్టల్, దానికి గేటే లేదు. అడిగితే "మీ మంచికేనమ్మా" అంటాడు. లైబ్రరీ 10 దాకా ఉంటుంది. దీనికి మీ లిబరల్స్ ఏమంటారు?

పొన్నూరు మాస్టారు:
ఇంత మంచి ప్రశ్న నాకు క్లాసులో ఎవరూ వెయ్యలేదు. మిల్ అయితే, బుద్ధొచ్చిన మనిషిని "నీ మంచికే" అని ఆపకూడదు, పక్కవాళ్ళకి హాని జరిగితేనే ఆపాలి అంటాడు. బ్రైట్ అయితే సంతకం పెట్టే చేరావుగా, నచ్చకపోతే ఖాళీ చెయ్యి అంటాడు. గ్రీన్ అప్పుడు, ఆ వీధిలో అన్ని హాస్టళ్ళూ 9కే మూస్తే ఆ పిల్ల ఎక్కడికి పోతుందని అడుగుతాడు. ముగ్గురూ లిబరల్సే. నీ గడుల్లో వాళ్ళనే నింపుకో.

నల్గొండ పిల్ల:
ఖాళీ చేద్దామంటే రెండు నెలల అడ్వాన్స్ వెనక్కివ్వనంటున్నాడు మాస్టారూ.

పొన్నూరు మాస్టారు:
రశీదు ఇచ్చాడా?